ఆయిలు తిప్పే బండ్లు

మా మాచర్ల చుట్టుపక్కలకి టార్క్ కన్వర్టర్ కార్లతో రాలేదు, జేసీబీలతో వచ్చింది. రాతి క్వారీలు, కాల్వల పూడికతీత, పొలాల చదును, ఇక్కడ జేసీబీకి పని లేని రోజుండదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్టని రాతితో, చాలావరకు మనుషుల చేతుల మీదే లేపారు. ఇప్పుడు దాని కాల్వలో పూడిక తీయాలంటే జేసీబీ రాకుండా పార కదలదు.

ఆ పసుప్పచ్చ బండిని చూడనివాడు లేడు గానీ, అందులో ఇంజనుకీ గేరు బాక్సుకీ మధ్య క్లచ్ ప్లేటు బదులు ఆయిలుతో పనిచేసే టార్క్ కన్వర్టర్ ఉందన్న సంగతి నడిపేవాళ్లకే చాలామందికి పట్టదు. బకెట్టు మట్టిలో దిగబడి చక్రాలు ఉన్నచోటే నిలబడిపోయినా ఇంజను నడుస్తూనే ఉంటుంది. అదే లారీ అయితే, గేర్లో ఉండగా చక్రం బిగుసుకుంటే ఇంజను ఠక్కున ఆగిపోతుంది. కుర్రతనంలో నాకు పట్టుకున్న అనుమానం అదే: చక్రం తిరగనప్పుడు ఇంజను తిప్పుడంతా ఎటు పోతోంది? జవాబు కోసం జేసీబీ కింద పడుకున్నవాణ్ణి, చాలా ఏళ్ల దాకా అక్కణ్ణుంచి లేవలేదు. జేసీబీ 3డీఎక్స్ మోడల్ గేరు లివరు మీద ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే డ్రైవ్ తెగుతుంది, అప్పుడే గేరు మార్చాలి. నొక్కకుండా బలవంతాన గేరు వేసే డ్రైవర్ల పుణ్యాన నా సంసారం గడిచింది.

తర్వాత ఆటోమేటిక్ కార్లు వచ్చాయి. అవి మా ఊరివాళ్లవి కావు, మొదట్లో అన్నీ హైదరాబాద్‌వే.

మాచర్ల నుంచి సాగర్ పోయే దారిలో, డ్యాంకి 11 కిలోమీటర్ల దూరంలో ఎత్తిపోతల. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకే చోటు. కింద మడుగు, మొసళ్ల పెంపక కేంద్రం, దత్తాత్రేయుడి గుడి. వాగుల్లో నీరు తగ్గినప్పుడు సాగర్ కాల్వ నీళ్లు వదిలి ధార ఆగకుండా చూస్తారు. పొద్దున డ్యాం, నాగార్జునకొండ లాంచీ చూసుకున్న జనం ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఇక్కడికి దిగుతారు. సెలవు రోజైతే పార్కింగ్ దాకా బండ్ల వరస, గజం కదిలి ఆగడం, ఏసీ వేసుకుని మళ్లీ గజం కదలడం. ఆటోమేటిక్ గేరు బాక్సుకి ఇంతకు మించిన పరీక్ష ఏ కంపెనీ వాడూ పెట్టలేడు. ఆదివారం మధ్యాహ్నం నా ఫోన్ మోగిందంటే అది ఎత్తిపోతల నుంచే అయివుంటుందని నా పనివాళ్లు ముందే టూల్ బాక్సు సర్దేస్తారు.

"అన్నా, బండి కదుల్త లేదు. రేసిస్తే సౌండొస్తుంది గానీ ముందుకు పోతలేదు."

"ఆటోమేటికా సార్?"

"అవునన్నా, గేర్లు లేవు."

"గేర్లున్నాయి సార్, మీరు వెయ్యరంతే. లివరు పక్కన పీ అనే అక్షరం ఉందేమో చూడండి."

"పీ ఎందుకన్నా ఇప్పుడు?"

ఎందుకంటే దాన్నిబట్టే నేను ఏ సామాను మోసుకెళ్లాలో తేలుతుంది. క్లచ్ పెడలు లేని ప్రతి బండినీ జనం ఆటోమేటిక్ అనేస్తారు. లోపల చూస్తే అవి నాలుగు వేరే జాతులు. పీ లేకుండా ఆర్, ఎన్, డీ మాత్రమే ఉంటే అది దాదాపుగా ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో మన దేశానికి వచ్చిన పద్ధతి. అందులో ఉండేది మామూలు గేరు బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మన కాలూ చెయ్యీ చేసే పనిని మోటార్లు చేస్తాయి. ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా యాక్సిలేటర్‌తో బండిని నిలబెట్టుకుంటే అందులో ప్లేటు కాలుతుంది, వాసన కూడా తెలిసిపోతుంది. పీ ఉన్నవాటిలో కొన్ని సీవీటీలు, బెల్టూ పుల్లీలూ. కొన్ని డీసీటీలు, రెండు క్లచ్‌లు. ఈ రెండింటి గొడవ ఇప్పుడు ఎత్తను. మిగిలినవి టార్క్ కన్వర్టర్ బండ్లు: ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, స్కార్పియో-ఎన్, హ్యారియర్, డీజిల్ క్రెటా, ఇప్పటి బ్రెజ్జా, ఎర్టిగా ఆటోమేటిక్‌లు. నా ఇష్టం అడిగితే మా ఎండలకీ మా రోడ్లకీ వీటిని మించినవి లేవు. ఒక్క షరతు ఉంది, అది తర్వాత చెబుతాను.

కన్వర్టర్ ఎలా పనిచేస్తుందో చెప్పమని అడిగేవాళ్ల కోసం షెడ్డులో అల్మారా మీద ఒక పాత కన్వర్టర్‌ని లేత్ మీద కోయించి పెట్టుకున్నాను. మామూలుగా దాన్ని విప్పడానికి ఉండదు, చుట్టూ వెల్డింగు. పెద్ద గుమ్మడికాయంత ఇనప డబ్బా. ఒకసారి విజయపురి సౌత్ నుంచి ఒక పెద్దాయన బండి సర్వీసుకి తెచ్చారు. సాగర్ పవర్ హౌస్‌లో చేసి రిటైరైన మనిషి. నేను వివరించబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, ఆ మూడు చక్రాల రెక్కల్ని వేలితో తడిమి చూశారు.

"ఆగవయ్యా, ఇది పంపు. ఎదురుగా ఉన్నది టర్బైను. ఈ మధ్యలోది గైడ్ వేను. అంతేనా?"

"అంతే సార్. మధ్యలోదాన్ని మేం స్టేటర్ అంటాం."

"మా ఇంటి సామానే కదయ్యా! మూడింటినీ ఒక డబ్బాలో పెట్టాడు, నీళ్లు తీసేసి నూనె పోశాడు."

పదిమంది కార్ల ఓనర్లకి బొమ్మలు గీసి చెప్పినా ఎక్కనిది ఆయనకి నిమిషంలో ఎక్కింది. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లున్నాయి. ఒకటి 110 మెగావాట్లది, తక్కిన ఏడూ ఒక్కోటి 100.8 మెగావాట్లవి. ఆ ఏడూ రెండు పనులు చేసేవి. నీళ్లు పైనుంచి పడితే టర్బైన్లుగా కరెంటిస్తాయి, కరెంటిచ్చి ఎదురు తిప్పితే పంపులై కిందికి పోయిన నీళ్లని మళ్లీ జలాశయంలోకి ఎత్తుతాయి. రెక్కల చక్రాన్ని ద్రవంతో తిప్పడం, చక్రంతో ద్రవాన్ని తోయడం, ఈ రెండూ ఒకే పనికి అటూ ఇటూ అని ఆయన జీవితమంతా చూసిన మనిషి.

కన్వర్టర్ పుట్టిందే ఆ దారిలో. జర్మనీలో ష్టెట్టిన్ రేవులో వుల్కాన్ నౌకల కర్మాగారం ఉండేది. అక్కడి ఇంజనీరు హెర్మాన్ ఫొట్టింగర్‌కి వచ్చిన చిక్కు ఓడలది. స్టీమ్ టర్బైను మహా వేగంగా తిరుగుతుంది, ఓడ వెనక పంకా నెమ్మదిగా తిరగాలి. మధ్యలో గేర్లు వేద్దామంటే అంత బలాన్ని తట్టుకునే పళ్లని అప్పట్లో నమ్మకంగా కోయలేరు. ఇంజనుతో ఒక పంపుని తిప్పించి, ఆ పంపు తోసిన ద్రవంతో టర్బైనుని తిప్పించి, రెంటినీ పైపులు లేకుండా ఒకే తొడుగులో ఎదురెదురుగా కూర్చోబెట్టాడాయన. పేటెంటు 1905లో. ఓడల్లోంచి కార్లలోకి రావడానికి నలభై ఏళ్లు పైనే పట్టింది. అమెరికాలో బ్యూక్ వాళ్లు 1948లో డైనాఫ్లో పేరుతో కార్లలో పెట్టారు. ఇప్పుడు ష్టెట్టిన్ పోలండ్‌లో ఉంది, ఆ డబ్బా మాత్రం మా ఎత్తిపోతల పార్కింగ్ దాకా వచ్చింది.

లోపల జరిగేది ఇదీ. డబ్బా వెనక గోడకే పంపు రెక్కలు అతికి ఉంటాయి, డబ్బా ఇంజనుకి బోల్టులతో బిగిసి ఉంటుంది. కాబట్టి ఇంజను తిరిగినంతసేపూ పంపు తిరుగుతుంది. ఆయిలుని అంచులకి విసిరి ఎదురుగా ఉన్న టర్బైను రెక్కల మీద కొడుతుంది. టర్బైను గేరు బాక్సు షాఫ్టు మీద ఉంటుంది. మీరు డీలో వేసి బ్రేకు మీద కాలు ఉంచారనుకోండి, పంపు తిరుగుతోంది, టర్బైను నిలబడి ఉంది, ఆయిలు రెక్కల్ని ఒరుసుకుంటూ పోతోంది. ఇనుముకి ఇనుము తగలదు కాబట్టి ఇంజను ఆగదు. నా కుర్రతనపు అనుమానానికి జవాబు ఇదే: ఆ తిప్పుడంతా ఆయిల్లో వేడిగా మారిపోతోంది.

అంతటితో ఆగితే అది ఉత్త కప్లింగు. కన్వర్టర్ అనిపించేది స్టేటర్. టర్బైనుని కొట్టి తిరిగొచ్చే ఆయిలు పంపు తిరిగే దిక్కుకి ఎదురుగా వస్తుంది. అలాగే వదిలేస్తే పంపుకే అడ్డం పడుతుంది. స్టేటర్ రెక్కలు దాన్ని మలిపి పంపు వీపు మీదికే తోస్తాయి. బండి కదిలే ఆ మొదటి క్షణాల్లో గేరు బాక్సుకి అందే తిప్పుడు బలం ఇంజను ఇచ్చేదానికి ఇంచుమించు రెండింతలవుతుంది. బలం పెరిగిందంటే వేగం తగ్గిందనే అర్థం, ఊరికే వచ్చేదేమీ లేదు. టర్బైను వేగం పుంజుకుని పంపు వేగంలో ఎనభై అయిదు, తొంభై శాతానికి వచ్చేసరికి ఆయిలు స్టేటర్‌ని వెనక నుంచి తడుతుంది. అప్పుడది అడ్డం తొలగి తానూ తిరగడం మొదలుపెడుతుంది. సైకిలు వెనక చక్రంలో ఫ్రీవీలు ఉందే, ఒకవైపు పట్టేది, ఇంకోవైపు వదిలేది, స్టేటర్ నడుములో ఉండేదీ అలాంటిదే.

ఈ చిన్న ఫ్రీవీలు పాడైతే మెకానిక్కులు గేరు బాక్సంతా దించి వెతుక్కోవడం చూశాను. పట్టు పోయి రెండు వైపులా తిరిగేస్తే బండి ఎత్తు ఎక్కదు, ఆగిన చోటు నుంచి కదలడానికి ఏడుస్తుంది, రోడ్డెక్కి వేగం అందుకున్నాక మాత్రం శుభ్రంగా పోతుంది. బిగుసుకుపోతే దీనికి సరిగ్గా తలకిందులు: కదలడం బాగుంటుంది, పై వేగం అందదు, బాక్సు ఊరికే కాగుతుంది. మొదటి రకం బండి ఓనరు ఇంజను పని చేయించుకుని వస్తాడు, రెండో రకం ఓనరు రేడియేటర్ మార్పించుకుని వస్తాడు.

జేసీబీ పనిలో మాకు స్టాల్ టెస్టు రోజువారీ విద్య. బ్రేకు గట్టిగా పట్టి, గేర్లో వేసి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి, ఇంజను ఎన్ని చుట్ల దగ్గర నిలబడుతుందో చూడటం. రావాల్సినదానికంటే తక్కువ వస్తే ఇంజనులో సత్తువ లేదు, లేదా స్టేటర్ పట్టు పోయింది. ఎక్కువ వస్తే లోపలి క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి, లేదా ఆయిలు తక్కువైంది. కార్లలోనూ ఇది చేయొచ్చు, అయిదు సెకన్లు మించకూడదు. ఆ అయిదు సెకన్లలో ఇంజను శక్తి మొత్తం ఆ డబ్బాలోని ఆయిలుని కాచడానికే పోతుంది. యూట్యూబు చూసి ఇంటి దగ్గర చేసేవాళ్లకి నా దణ్ణం.

ఇంకో జబ్బు ఉంది, దాన్ని కనిపెట్టడం సరదా. పాత రోజుల్లో కన్వర్టర్ బండ్లు డీజిలు తాగుతాయనే పేరుకి కారణం జారుడు. ఎంత వేగంలో ఉన్నా టర్బైను పంపు కంటే కొంచెం వెనకే ఉంటుంది. దానికి మందుగా లోపల ఒక లాకప్ క్లచ్ పెట్టారు. బండి ఒక వేగానికి రాగానే అది డబ్బానీ టర్బైనునీ కలిపి బిగిస్తుంది, అక్కణ్ణుంచి ఆయిలు జారుడు ఉండదు. ఆయిలు పాతబడితే ఈ లాకప్ సరిగా అంటుకోక గజగజలాడుతుంది. అరవై వేగంలో, కాలు తేలిగ్గా ఆనించి పోతున్నప్పుడు, రోడ్డు మీద గరుకు పట్టీలు ఎక్కినట్టు బండి వణుకుతుంది. ఓనర్లు టైర్లు మారుస్తారు, అలైన్‌మెంటు చేయిస్తారు, ఇంజెక్టర్లు కడిగిస్తారు. నేను మాచర్ల–సాగర్ రోడ్డు మీద పక్కన కూర్చుని ఒక్క మాట చెబుతాను: వణుకు రాగానే బ్రేకు పెడల్ని ఊరికే తాకండి, బ్రేకు పడకూడదు, లైటు వెలగాలి అంతే. బ్రేకు స్విచ్ తగలగానే లాకప్ విడిపోతుంది. వణుకు ఆ క్షణంలోనే మాయమైతే జబ్బు దొరికినట్టే. చాలాసార్లు సరైన ఆయిలు రెండు మూడు విడతలు మార్చితే కుదుటపడుతుంది. ప్లేటు మీది పొర ఊడిపోయి ఉంటే కుదరదు, బాక్సు దించాల్సిందే.

దించడం కంటే ఎక్కించడమే కష్టం. కన్వర్టర్‌ని బాక్సులోకి తోస్తూ చేత్తో తిప్పుతుంటే మూడు చోట్ల కూర్చోవాలి: టర్బైను పళ్లు షాఫ్టు మీద, స్టేటర్ పళ్లు దాని గొట్టం మీద, చివరి మెడ ఆయిల్ పంపులో. మూడోది కూర్చోకుండానే అంతా అయిందనుకుని బోల్టులు బిగిస్తే ఆయిల్ పంపు పగులుతుంది. నా దగ్గర చేరిన కుర్రాడికి మొదటి నెలల్లో నేర్పేది ఈ కూర్చోబెట్టడమే. కళ్లు మూసుకుని చెయ్యమంటాను, ఎందుకంటే అక్కడ చూడటానికేమీ కనపడదు, చేతికి తెలియాలి.

ఇక నా షరతు. వేసవి వార్తల్లో రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడంటే రెంటచింతల పేరు వింటారు కదా, అది మా పక్క మండలమే. పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చే బండ్ల రేడియేటర్ రెక్కల్లో సున్నం దుమ్ము, క్వారీల వైపు నుంచి వస్తే రాతి పొడి, పత్తి రోజుల్లో దూది పీచు. గేరు బాక్సు ఆయిలుని చల్లార్చేది ఆ రేడియేటర్ గాలే. గాలి ఆడక, బండి గజం గజం జరుగుతూ, కన్వర్టర్ జారుతూ ఉంటే ఆయిలు మరిగిపోతుంది. అది ఒట్టి కందెన కాదు. ఇంజను బలాన్ని చక్రాలకి మోసేది అదే, లోపల క్లచ్‌లని నొక్కేది అదే, వాల్వ్ బాడీలో ఏ గేరు పడాలో ఆ దారుల్లో పరుగెత్తేదీ అదే. కొత్తగా ఎర్రగా ఉండేది కాలిపోతే నల్లబడి మాడు కంపు కొడుతుంది.

అలాంటి ఆయిలుని కొన్ని సర్వీసు సెంటర్లలో "లైఫ్‌టైమ్ సార్, మార్చక్కర్లేదు" అంటారు. ఎవరి లైఫ్ అని నేనడుగుతాను. ఇలాంటి గేరు బాక్సులు తయారుచేసే జర్మనీ కంపెనీ జడ్ఎఫ్ తన ఆటోమేటిక్ బాక్సులకి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి ఆయిలు మార్చమనే చెబుతుంది. అది వాళ్ల చలిదేశంలో కూడా వర్తించే మాట. మా పల్నాడు ఎండలో తిరిగే డీజిల్ బండికి నేను 60,000కే మార్చేస్తాను. కింద బోల్టు విప్పితే సగమే దిగుతుంది, మిగతాది కన్వర్టర్ పొట్టలో ఉండిపోతుంది. అందుకే కొన్నాళ్లు తిప్పి మళ్లీ ఒక విడత తీసి పొయ్యాలి. బండి కంపెనీ చెప్పిన నంబరు ఆయిలే పొయ్యాలి, ఎర్రగా ఉన్నదల్లా ఒకటే అనుకోకూడదు. చాలా కొత్త బండ్లలో ఆయిలు చూసే పుల్ల కూడా పెట్టట్లేదు. బండిని మట్టంగా ఎత్తి, ఇంజను నడుస్తుండగా, స్కానర్‌లో ఆయిలు వేడి చెప్పిన మేరకి వచ్చినప్పుడు కింద బోల్టు విప్పి కారే ధారని బట్టి మట్టం చూడాలి. చల్లగా ఉండగా చూసి నింపేస్తే వేడెక్కాక ఎక్కువైపోతుంది.

మొన్నటి ఎండాకాలం ఒక ఏడు సీట్ల బండి ఎత్తిపోతల నుంచి నా షెడ్డుకి వచ్చింది. ఆయిలు లేత గులాబీ రంగు నురగ. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంటు నీళ్లు బాక్సులోకి పోయాయి. నీళ్లు తగిలిన క్లచ్ ప్లేట్ల మీది జిగురు ఊడుతుంది, ఆ బాక్సుని కడిగి బతికించడం కుదరదు. ఆ ఇంటాయన ముందు వారమే కూలెంటు తగ్గుతోందని గమనించి నీళ్లు పోసుకున్నారట. కూలెంటు కారణం లేకుండా తగ్గుతుంటే ఆటోమేటిక్ బండివాళ్లు ముందు గేరు బాక్సు ఆయిలు చూపించుకోవాలి. ఆయిలు మార్పు వేలల్లో తేలేది, బాక్సు లక్షల్లోకి పోయేది.

ఎత్తిపోతలకి వచ్చేవాళ్లకి నా మనవి కొన్ని మాటల్లో. వరసలో చాలాసేపు ఆగాల్సొస్తే డీలో బ్రేకు తొక్కి కూర్చోకుండా న్యూట్రల్లో పెట్టండి. ఎత్తు మీద బండిని యాక్సిలేటర్‌తో పట్టి నిలబెట్టకండి. వాలులో దిగేటప్పుడు కింది గేరు ఎంచుకుంటే బ్రేకులు కాలవు. వాలులో పార్కు చేసేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఆ తర్వాత పీలో పెట్టండి. లేకపోతే బండి బరువంతా లోపలి ఒక్క ఇనప కొక్కెం మీద పడుతుంది. బాక్సు వేడి గుర్తు వెలిగితే నీడన ఆపి, పీలో పెట్టి, ఇంజను నడవనివ్వండి, ఆయిలు తిరిగితేనే చల్లారుతుంది. బండి కదలకపోతే జనాన్ని పిలిచి తోయించకండి, తోస్తే స్టార్టయ్యే బాక్సు కాదది. ట్రాక్టర్‌కి తాడు కట్టి మాచర్ల దాకా లాగించకండి. ఇంజను ఆగితే ఆయిల్ పంపు తిరగదు, చక్రాలు మాత్రం లోపలి గేర్లని ఎండుగా తిప్పుతాయి. ఫ్లాట్‌బెడ్ లారీ పిలిపించి, నాలుగు చక్రాలూ దాని మీదికెక్కించి తీసుకురండి.